రక్త జబ్బుల మీద పరిశోధనకు నిధులు రావాలంటే రోగుల కుటుంబాలు ఏం చేయగలవు? మన దగ్గర ఎవరైనా ప్రయత్నించారా?

ప్రయత్నించాం. ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాం. మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. మా బాబుకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. ఎనిమిదో నెలలో బయటపడింది. ఇప్పుడు వాడికి పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్. ఇది రాస్తున్న రోజుకి వాడికి 243 సార్లు రక్తం ఎక్కించాం. మొదటి 95 సార్లు ఒక్కో యూనిట్, ఆ తర్వాత నుంచి రెండేసి. మొత్తం 391 యూనిట్లు. మీ ప్రశ్నకు నా జవాబు ఈ అంకెల్లోనే ఉంది, అందుకే ముందే చెప్పాను.

మూడేళ్ళ క్రితం వీటిలో ఒక్క అంకె కూడా నాకు తెలీదు. ఆ ఏడాది మేం పదకొండు కుటుంబాలవాళ్ళం కలిసి ఒక ఎంపీగారి దగ్గరికి వెళ్ళాం. పొద్దున్న ఏడింటికి వెళ్తే పదకొండున్నరకి లోపలికి పిలిచారు. చూస్తే ఆయన మనసు కరుగుతుందని పిల్లల్ని కూడా తీసుకెళ్ళాం. కరిగింది కూడా. నేను "సార్, మా పిల్లలు..." అన్నాను, అంతే, గొంతు పూడుకుపోయింది. నా పక్కనున్నావిడ ఏడ్చింది, ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు. ఆయన కళ్ళు కూడా తడయ్యాయి. మంచి మనిషి. తన పుట్టినరోజుకి రెండు రక్తదాన శిబిరాలు పెట్టిస్తానన్నారు, పిల్లలకి పళ్ళు తెప్పించారు, అందరితో ఫొటో దిగారు. ఎనిమిది నిమిషాల్లో బయటికి వచ్చేశాం. తిరిగి వస్తుంటే ఆటోలో మా ఆయన అడిగారు: "ఇంతకీ మనం ఆయన్ని ఏం అడిగాం?" ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా పక్కింటి బాబాయిగారు ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం ఇదంతా విని ఆయన అన్నారు: "అమ్మాయ్, జాలికి బడ్జెట్‌లో పద్దు ఉండదు. లెక్క పట్టుకెళ్తే పద్దు అడగొచ్చు." మర్నాడే ఒక పొడుగు పుస్తకం కొనుక్కొచ్చి గడులు గీసిచ్చారు. తేదీ. ఎక్కించేముందు హిమోగ్లోబిన్. ఎన్ని యూనిట్లు. ఆసుపత్రిలో ఎన్ని గంటలు. ఆ రోజు ఇంట్లో ఎవరు పని మానేశారు. చేతి నుంచి ఎంత పోయింది. బాబు చిన్నప్పటి నుంచీ చీటీలన్నీ నేను ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తూ వచ్చాను. వాటిని నేల మీద పరిచి, ఏడాది వారీగా పేర్చుకుని, పదకొండు రాత్రులు కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, మా ఆయన జీతం లేకుండా సెలవు పెట్టిన రోజులే 187 అని. రక్తానికి డబ్బు తీసుకోరు, నిజమే. కానీ ఫిల్టర్లు, పరీక్షలు, ఆటోలు, పోయిన జీతం, ఇవన్నీ ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. మేమే రాసుకోలేదు, ఇంక ప్రభుత్వం ఎక్కడ రాసుకుంటుంది?

రక్తదాన శిబిరాల గురించి కూడా చెప్పాలి. వాటికి నేను వ్యతిరేకం కాదు. నా కొడుకు ఒంట్లో తిరుగుతున్నది ఆ దాతల రక్తమే. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలీదు, అందరికీ దండం పెడతాను. కానీ మన దగ్గర నాయకుడైనా, కంపెనీ అయినా, కాలేజీ అయినా రక్త జబ్బు అనగానే శిబిరం దగ్గరే ఆగిపోతారు. అదీ పుట్టినరోజులకి, జయంతులకి. ఒకే రోజు కుప్పలుగా వస్తుంది, అయిదారు వారాలకు మించి నిలవ ఉండదు. మే నెల వచ్చేసరికి కాలేజీలకు సెలవులు, బయట ఎండలు, రక్తం దొరకదు. ప్రపంచ తలసీమియా దినం మే 8న, సరిగ్గా ఆ కరువులోనే వస్తుంది. ఆ రోజు బీచ్ రోడ్డులో ప్లకార్డులు పట్టుకుని నడిచి, మర్నాడు రెండు యూనిట్ల కోసం నాలుగు బ్లడ్ బ్యాంకులు తిరిగిన ఏడాది నాకు బాగా గుర్తుంది.

రక్తం మా వాణ్ణి మూడు వారాలు నిలబెడుతుంది. అంతే. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో పాటు ఒంట్లో ఇనుము చేరుతుంది, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. మాకంటే ముందు తరం పిల్లలు దాన్ని తగ్గించుకోవాలంటే రాత్రిళ్ళు పొట్ట మీద సూది గుచ్చుకుని, చిన్న పంపుతో ఎనిమిది పది గంటలు మందు ఎక్కించుకునేవాళ్ళు, వారానికి అయిదారు రాత్రులు. తర్వాత నోటితో మింగే డెఫెరిప్రోన్ వచ్చింది. ఆ మందుని మొదట అనుమతించింది మన దేశమే. 1995లో సిప్లా దాన్ని కెల్ఫర్ పేరుతో తెచ్చింది. అంటే ఎవరో పరిశోధన చేస్తే, ఎవరో డబ్బు పెడితే, ఆ పిల్లల రాత్రిళ్ళు వాళ్ళకి తిరిగొచ్చాయి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో తీవ్రమైన హీమోఫీలియా-ఎ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న అయిదుగురికి జన్యు చికిత్స చేసి, ఆ ఫలితాలు 2024 డిసెంబరులో ప్రచురించారు. చికిత్స తర్వాత గమనించినంత కాలం వాళ్ళకి రక్తస్రావం కాలేదు. ఇక్కడి డాక్టర్లు, ఇక్కడి రోగులు. ఇక సికిల్‌సెల్‌కి (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టు జబ్బు), మా తలసీమియాకి పనికొచ్చే క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స 2023 నవంబరులో బ్రిటన్‌లో అనుమతి పొందింది, అమెరికాలో అదే డిసెంబరులో సికిల్‌సెల్‌కి, 2024 జనవరిలో తలసీమియాకి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో పద్దెనిమిది కోట్ల పైమాటే. అది మాకు ఎప్పటికీ అందదు. మన దేశంలో తయారైతేనే అందుతుంది. బోన్‌మ్యారో మార్పిడికి మా పాప రక్తం చూపించాం, తోబుట్టువు కదా అని. కలవలేదు. కాబట్టి పరిశోధన అంటే మాకు పేపర్లో చదివే విషయం కాదు, మిగిలిన ఒకే దారి.

ఇక రెండోసారి వెళ్ళిన సంగతి. అసలు నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది ఇందుకే.

కిందటి ఏడాది ఫిబ్రవరిలో అదే ఎంపీగారి దగ్గర మళ్ళీ టైము దొరికింది. ఈసారి నలుగురమే వెళ్ళాం. పిల్లల్ని తీసుకెళ్ళలేదు. నా పొడుగు పుస్తకం ఉంది, మిగతా ఇద్దరి దగ్గరా అలాంటివే ఉన్నాయి. నాలుగో ఆమె పాడేరు పైన ఒక గూడెం నుంచి వచ్చింది. పేరు రాయను, మేమందరం పాడేరు చెల్లి అంటాం. ఆమె కూతురికి సికిల్‌సెల్. ఆమెకి చదువు రాదు, పుస్తకం లేదు. నాకు లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది, ఈమె ఏం చెబుతుందో అని.

మేం ముగ్గురం మా లెక్కలు చెప్పాం. ఆయన విన్నారు, తలూపారు. తర్వాత పాడేరు చెల్లి గుడ్డ సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన ఒక చుట్ట తీసింది. కిరాణా షాపువాళ్ళు ఇచ్చే గోడ క్యాలెండర్. బ్యాండు తీసి టీపాయి మీద పరిస్తే మళ్ళీ చుట్టుకుపోతోంది. ఎంపీగారే ఒక మూల తన ఫోను, ఇంకో మూల కళ్ళజోడు పెట్టె పెట్టి ఆపారు. సంత రోజులకి పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి, అవి వాళ్ళ పెద్దబ్బాయి చుట్టినవి. మిగతావన్నీ కుంకుమ బొట్లు. పాపకి నొప్పులొచ్చిన రాత్రికి ఒక బొట్టు. ఆసుపత్రికి మోసుకెళ్ళిన రాత్రికి రెండు. వేలితో పెట్టినవి, కొన్ని పక్క కాగితానికి అంటుకుని మసకగా పాకాయి. ఆయన ఒక్కో నెలా తిప్పుతున్నారు. మార్చిలో రెండు. ఎండలు ముదిరిన మేలో అయిదు. వానల్లో ఎక్కడో ఒకటి. డిసెంబరు కాగితం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి జనవరి చూశారు.

"ఇదేంటమ్మా, ఈ రెండు నెలలూ ఇంత ఎర్రగా ఉన్నాయి?"

"చలి బాబూ. మా కొండమీద చలి ఎక్కువ. చలికి ఎముకలు పీకుతున్నాయని ఏడుస్తాది."

"మందు ఇవ్వట్లేదా?"

"మాత్ర ఇస్తన్నారు బాబూ. అది వేస్తే నొప్పులు తగ్గుతాయన్నారు, తగ్గాయి కూడా. కానీ మా పిల్లలకి ఎంత వేస్తే సరిపోద్దో, చలికాలానికి ముందే పెంచాలో వద్దో, మా కొండమీద పిల్లల్ని ఎవరైనా కూకుని చూసి చెప్పాల కదా."

ఆయన ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. బొట్లు లెక్కపెట్టమని పీఏకి చెప్పారు. ఆ అబ్బాయి వంగి ఒక్కోటీ లెక్కపెట్టాడు. 58 రాత్రులు. అందులో డిసెంబరు, జనవరిలోనే 31. మొదటిసారి ఎనిమిది నిమిషాల్లో పంపించిన మనిషి ఆ రోజు నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. చదువు రాని ఆ తల్లి అడిగింది అచ్చమైన పరిశోధన ప్రశ్న. నేను చాలామంది పెద్ద డాక్టర్ల ఉపన్యాసాలు విన్నాను. అంత సూటిగా అడిగినవాళ్ళు నాకు తగల్లేదు.

మేం ఒకే కాగితం ఇచ్చాం, రెండే కోరికలు. ఒకటి, ఉత్తరాంధ్రలో రక్త జబ్బులున్న వాళ్ళందరి రిజిస్ట్రీకి, అంటే పేర్లు, వివరాలు రాసి ఉంచే పట్టికి డబ్బు. రెండు, తలసీమియా, సికిల్‌సెల్ పరిశోధనకు గత మూడేళ్ళలో కేంద్రం ఎంత ఇచ్చిందో పార్లమెంటులో అడగడం. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేవి), రాతపూర్వకంగా జవాబిచ్చే ప్రశ్నలు 230 తీసుకుంటారు, వచ్చినవాటిని బ్యాలెట్ (లాటరీ లాంటిది) వేసి తీస్తారు. ఇదంతా బాబాయిగారే తెలుసుకుని చెప్పారు. ప్రశ్నను కూడా మేమే రాసి ఇచ్చాం, రాసి ఇస్తే వాళ్ళకి పని తేలిక. ఆ సమావేశాల్లో మా ప్రశ్న బ్యాలెట్‌లో రాలేదు. మళ్ళీ ఇచ్చాం. ఈలోగా ఆయన సంతకంతో మంత్రిత్వశాఖకు ఉత్తరం వెళ్ళింది, దాని నకలు నా పుస్తకంలో అంటించుకున్నాను. మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి ఆ క్యాలెండర్‌ని ఫొటోలు తీసుకుని, ఇలాంటివి ఇంకో నలభై ఇళ్ళ నుంచి వస్తే చలికీ నొప్పులకీ లెక్క కట్టి చూస్తానంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం నొప్పుల్ని రేపుతాయని పుస్తకాల్లో ఉన్నదే. మన ఏజెన్సీ పిల్లల్లో ఎంత, ఎప్పుడు అన్నది ఆ గోడల మీదే ఉంది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 17 రాష్ట్రాలు, నలభై ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047కి నిర్మూలన లక్ష్యం. మన రాష్ట్రమూ అందులో ఉంది. మంచి పని, కాదనను. కానీ పరీక్ష చేసి చేతికి కార్డు ఇస్తే పాడేరు చెల్లి ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టు కాదు. గిరిజనుల జబ్బు కాబట్టి కార్డు చాలు, వాళ్ళు ఇంకేం అడుగుతారు అనే ధోరణి నాకు చాలాచోట్ల కనిపించింది. సికిల్‌సెల్ గురించి చికాగో డాక్టర్ హెరిక్ 1910లోనే రాశారు. అమెరికాలో దానికంటూ ప్రత్యేక చట్టం, నిధులు వచ్చింది 1972లో. మధ్యలో అరవై రెండేళ్ళు. అక్కడ ఈ జబ్బు ఎక్కువగా ఉన్న నల్లజాతి వాళ్ళు గట్టిగా అడిగాకే కదిలింది. మన దగ్గర కూడా అడగందే ఏదీ రాలేదు. 2016 వికలాంగుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ చేరినా, మన రాష్ట్రంలో నెలకి పదివేల పెన్షన్ వస్తున్నా, వెనకాల ఎందరో తల్లిదండ్రులు చెప్పులరిగేలా తిరిగారు. అవి బతకడానికి. జబ్బు పోవడానికి ఇంకా అడగాలి.

సైప్రస్ సంగతి మా సమావేశాల్లో నేను ప్రతిసారీ చెబుతాను. మన పాత విశాఖ జిల్లా కంటే చిన్న దేశం. తలసీమియా అక్కడ చాలా ఎక్కువ. ఇలాగే వదిలేస్తే కొన్ని దశాబ్దాల్లో ఆరోగ్య బడ్జెట్ అంతా ఈ ఒక్క జబ్బుకే సరిపోతుందని 1970ల్లో లెక్క వేశారు. ఆ లెక్క చూశాక దేశం మొత్తం కదిలింది. ఇప్పుడు తలసీమియాతో పుట్టే పిల్లలు అక్కడ చాలా అరుదు.

మన దగ్గర అసలు ఎంతమంది ఉన్నారో లెక్కే తేలదు, ఎందుకంటే దాచుకుంటాం. మా బావని చేసుకున్నాను నేను, మేనమామ కొడుకు. ఇద్దరికీ ట్రైట్ ఉంది, అంటే జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉంది, ఇద్దరికీ తెలీదు. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు మేజర్ వచ్చే అవకాశం. బాబుకి జబ్బని తెలిశాక "తల్లి రక్తంలో దోషం" అన్నవాళ్ళు నా సొంతవాళ్ళే. ఇద్దరి నుంచీ రాకపోతే ఈ జబ్బు రాదని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని అన్నయ్య జబ్బు దాచిన ఇళ్ళు మా పదకొండులోనే మూడు ఉన్నాయి. రిజిస్ట్రీలో పేరు రాసుకుంటామంటే తలుపేసుకుంటారు. పరిశోధన చేసేవాళ్ళ తప్పు కూడా ఉంది. ఇంగ్లీషులో పదహారు పేజీల అంగీకార పత్రం ఇచ్చి సంతకం పెట్టమంటే ఏ తల్లి పెడుతుంది? స్టార్ హోటల్లో మీటింగు పెట్టి, మమ్మల్ని చివరి వరసలో కూర్చోబెట్టి, అన్నీ ఇంగ్లీషులో మాట్లాడి, భోజనాల దగ్గర "పేషెంట్ల సహకారం తక్కువ" అంటే నాకు కడుపు మండుతుంది. తెలుగులో చెప్పండి. మేం వింటాం, ప్రశ్నలు కూడా అడుగుతాం.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఒక కార్యాలయాన్ని అడిగాను, ఈ జబ్బుల పరిశోధనకు ఎంత ఖర్చయిందని. జబ్బుల వారీగా వివరాలు ఉంచడం లేదని ఒక్క ముక్క జవాబు వచ్చింది. నిరుత్సాహపడకండి. ఆ ఒక్క ముక్కే ఎంపీగారికిచ్చిన కాగితానికి జత చేశాం. లెక్కే లేదని వాళ్ళే రాసిచ్చారు కదా.

కంపెనీల సంగతి కూడా చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లాంటి సంస్థలకి వైద్య పరిశోధన కోసం ఇవ్వొచ్చని అదే చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది. విశాఖ లాంటి ఊళ్ళో ఫ్యాక్టరీలకు కొదవా? ఒకచోట అధికారి మాత్రం "బెడ్లయితే ఇస్తామమ్మా, పరిశోధనకి మా పేరు బోర్డు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగారు. ఇంకోసారి వెళ్ళినప్పుడు షెడ్యూల్ ప్రింటు తీసుకెళ్ళి ఆ వాక్యం కింద గీత గీసి చూపించాను. ఆలోచిస్తామన్నారు. మూడోసారి కూడా వెళ్తాను.

నెలకో ఆదివారం మా ఇంట్లో కలుస్తాం. ఒక్కొక్కరూ ఫోనులో రెండు నిమిషాల టైమర్ పెట్టుకుని మాట్లాడాలి. మొదటి వాక్యంలో ఒక అంకె ఉండాలి, చివరి వాక్యంలో ఒక కోరిక ఉండాలి. మధ్యలో ఏడుపు వస్తే ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి. కిందటి వారం అనకాపల్లి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఏడాదిన్నర పిల్లాడి తల్లి, నాలుగోసారికి పూర్తి చేసింది. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నలభై సెకన్లు తగ్గించుకు రమ్మన్నాం.

ఇది చదివేవాళ్ళలో విశాఖ, అనకాపల్లి, పాడేరు చుట్టుపక్కల షాపులున్నవాళ్ళు ఉంటే నాదొక విన్నపం. కొత్త సంవత్సరానికి మీరు వేయించే గోడ క్యాలెండర్లలో ఒక పది మా కోసం పక్కన పెట్టండి. తేదీల గడులు పెద్దవిగా ఉన్నవి కావాలి, బొట్టు పెడితే పక్క తేదీకి అంటకూడదు. సంక్రాంతికి ముందే నలభై ఇళ్ళకి కొండమీదికి చేర్చాలి.